కార్ల ప్రదర్శన మన తిరుపతిలో పెట్టించండి: జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

అయ్యా, నమస్కారం.

కారు మన బతుకుల్ని ఎలా మార్చిందో చూపే ప్రదర్శన ఒకటి అలిపిరి రోడ్డులోని సైన్స్ సెంటర్‌లో పెట్టించమని కోరుతున్నాను. ఇలాంటివి మహానగరాలకే అనుకుంటారు. కానీ బండి వల్ల ఇంతగా మారిన ఊరు మన రాష్ట్రంలో ఇంకోటి ఉందా?

1944లో మొదటి ఘాట్ రోడ్డు పడేదాకా కొండకు నడకే, లేదంటే డోలీ. 1974లో రెండోది వచ్చాక ఎక్కడానికొకటి, దిగడానికొకటి అయ్యాయి. ఆ రోజుల ఫొటోలు వెతికించండి. రాళ్లు కొట్టి రోడ్డు వేసిన కూలీలకూ అందులో చోటివ్వాలి. పక్కన ఒక అంబాసిడర్, 1983లో వచ్చిన మారుతి 800 నిలబెట్టండి. మధ్యతరగతి ఇంటి ముందుకు కారు తెచ్చింది ఆ చిన్న బండే.

ముఖ్యంగా అలిపిరిలో కొత్త బండి పూజ చూపించాలి. బానెట్ మీద పసుపు కుంకుమ, ముందు అద్దానికి బంతిపూల దండ, చక్రాల కింద నిమ్మకాయలు, అవి చితికే చప్పుడు. ఇది ఏ విదేశీ మ్యూజియంలోనూ దొరకదు.

పొగ, ఘాట్ ప్రమాదాల సంగతి దాచొద్దు. 2022 నుంచి కొండకు ఎలక్ట్రిక్ బస్సులు ఎందుకు వేశారో పిల్లలకు అక్కడే అర్థమవ్వాలి. ప్రభుత్వ బడి పిల్లలకు టికెట్ లేకుండా చూడండి.

ఇట్లు,
తిరుపతి వాసి