మూత విప్పకుండానే మదర్‌బోర్డు పోయిందట!

అయ్యా,

మా అమ్మాయి బీటెక్‌లో వాడిన ల్యాప్‌టాప్ ఇప్పుడు నా చేతికొచ్చింది. పింఛను కాగితాలు, మనవడి ఫొటోలు అన్నీ అందులోనే. మొన్న బటన్ నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉంది. బజారులో షాపతను మూత కూడా విప్పకుండా, "మదర్‌బోర్డు పోయింది సార్, 9,000 అవుతుంది" అన్నాడు. ఇంటికి తెచ్చేశాను.

పక్కింట్లో పాలిటెక్నిక్ కుర్రాడు ఛార్జర్ పీకి, పవర్ బటన్ అరనిమిషం అదిమి పట్టాడు. లాభం లేదు. అప్పుడు అడుగున స్క్రూలు విప్పి, బ్యాటరీ వైరు ఊడదీసి, ర్యామ్ (కంప్యూటర్ పనిచేసేటప్పుడు వాడుకునే మెమరీ) ముక్క బయటికి తీశాడు. బంగారు రంగు అంచు మసకబారి ఉంది. పెన్సిలు రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి, టక్కుమనేలా మళ్లీ బిగించాడు. తెర వెలగడానికి ఒక నిమిషం పట్టింది. నాకు ఒకటే టెన్షన్! ఖర్చు 5 రూపాయల రబ్బరు, రెండు కాఫీలు.

అన్ని షాపులూ ఇంతే అనను. 2022 డిసెంబరులో కేంద్రం 'రైట్ టు రిపేర్' పోర్టల్ (వస్తువుల మరమ్మతు సమాచారాన్ని కంపెనీలు వినియోగదారులకు అందించే వెబ్‌సైటు) తెచ్చింది, సంతోషం. వీధి షాపుల్లో కూడా పాడైన భాగాన్ని కళ్లెదుట విప్పి చూపాలని, పాత ముక్కను తిరిగి చేతికివ్వాలని అధికారులు చెబితే బాగుంటుంది.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తెనాలి