రావులపాలెం మెకానిక్ బాబాయ్ గారికి దణ్ణాలు

నాన్నని నిన్న రాత్రి ఇంటికి చేర్చాం. ఇంకా సరిగ్గా నిద్రపోలేదు, రాతలో తప్పులుంటే సర్దుకోండి, కానీ ఇది ఈరోజే రాయకపోతే నాకు తిన్నది అరగదు.

రాజమండ్రిలో డిశ్చార్జి కాగితాలు చేతికొచ్చేసరికే చీకటి పడింది. జొన్నాడ దగ్గర లారీల వెనక చాలాసేపు నత్తనడక. రావులపాలెం దాటి అమలాపురం రోడ్డెక్కాక అరటితోటల దగ్గర బండి కొట్టుకుని కొట్టుకుని ఆగిపోయింది. సెల్ఫ్ తిరుగుతోంది గానీ ఇంజన్ అందుకోదు, కాసేపటికి బ్యాటరీ కూడా చేతులెత్తేసింది. వెనక సీట్లో కుట్లతో నాన్న. ఇన్సూరెన్సు హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే పిన్‌కోడ్ చెప్పండి సార్, ల్యాండ్‌మార్క్ చెప్పండి సార్. అరటితోటకి ల్యాండ్‌మార్క్ ఏముంటుందండీ, పక్కన ఇంకో అరటితోట.

అప్పుడాగారు మోపెడ్ మీద వెళ్తున్న పెద్దాయన. షెడ్డు కట్టేసి ఇంటికి పోతున్న మెకానిక్. ముందు బానెట్ జోలికి పోలేదు, వెనక డోరు తీసి "అయ్యగారిని కాస్త నడుం వాల్చనిద్దామండి" అని, బండిని షెడ్డు దాకా తోయించి నాన్నకి మడతమంచం వేశారు.

తర్వాత ఆయిల్ మూత తిప్పి నాకు చూపించారు. లోపలివైపు మీగడలా తెల్లగా పేరుకుపోయింది. సిటీలో సర్వీసు వాళ్ళు ఇదే చూసి హెడ్ గాస్కెట్ (ఇంజన్‌లో నీళ్ళూ ఆయిలూ కలవకుండా ఆపే సీలు) పోయింది, ఇంజన్ దింపాలి అని భయపెట్టారు. ఈయన రేడియేటర్ నీళ్ళు చూశారు, తగ్గలేదు, నూనె తెట్టా లేదు. ఆయిల్ మట్టం చూసే పుల్ల, అదే డిప్‌స్టిక్, లాగి వాసన చూడమన్నారు, గుప్పున పెట్రోలు. పాత బండిలో తగ్గాల్సిన ఆయిల్ పైగీత దాటి ఉంది!

"రోజూ ఎంత దూరం తిప్పుతారండి?" అన్నారు. రాజమండ్రిలో మేముంటున్న ఇంటి నుంచి ఆసుపత్రికి, దేవీచౌక్ ట్రాఫిక్‌లో రెండు కిలోమీటర్లు, నెలల తరబడి అదే. "ఆయ్, అదేనండి. ఇంజన్ కాగేలోపే ఆపేస్తున్నారు. చల్లగా ఉన్నప్పుడు పెట్రోలు ఎక్కువ తాగుద్ది, అంతా మండదు, కొంత ఆయిల్లోకి దిగుద్ది. లోపల పట్టే చెమ్మ ఆవిరై పోవాలంటే ఆయిల్ బాగా వేడెక్కాలి. స్టార్టింగ్‌కి వాడిన కరెంటు బ్యాటరీకి తిరిగి ఎక్కేలోపే మళ్ళీ ఆపేస్తారు." ప్లగ్గులు విప్పితే మసిబొగ్గులు. ఎమిరీ కాగితంతో రుద్దుతూ నా వైపు చూడకుండానే "మీ కళ్ళు చూస్తే తెలుస్తుందండి, ఓ అరగంట పడుకోండి, నేనున్నాగా" అన్నారు. ఇన్ని నెలల్లో నన్ను పడుకోమన్నవాళ్ళు లేరు. షెడ్డు వెనక్కి పోయి ఏడ్చేశాను.

వేరే బ్యాటరీ పెట్టి స్టార్ట్ చేసి, మళ్ళీ ఆగితే కష్టమని కొత్తపేటలో మా ఊరింటి గుమ్మం దాకా మోపెడ్ మీద వెనకే వచ్చారు. డబ్బులిస్తే "ఆయిల్ మార్చాక ఇద్దురుగానిలెండి" అని వెనక్కి తిప్పేశారు. ఇకమీదట కిలోమీటర్లు చూసి కాదు, నెలలు చూసి మార్చాలట, వారానికోసారైనా హైవే మీద అరగంట సాగనివ్వాలట.

ఒళ్ళు మండేదేంటంటే, దగ్గర దూరాలు, ఆగి ఆగి నడిపే ట్రాఫిక్ అయితే ఆయిల్ తొందరగా మార్చాలని బండితో వచ్చిన పుస్తకంలోనే ఉంది. సర్వీసు వాళ్ళు మాత్రం మీటరు చూసి "ఇంకా తిరగలేదు కదండీ" అని స్టిక్కరు అంటించి పంపించేవారు. ఇంజన్ దింపడానికైతే రెడీ!

తమ్ముడు, మరదలు, మా ఆవిడ ఆసుపత్రిలో వంతులేసుకుని ఉన్నారు, వాళ్ళ సంగతి చెప్పేదేముంది.

అన్నట్టు బండి తోసిన అరటిగెలల వ్యాను కుర్రాళ్ళకి థాంక్స్. నాన్నకి మజ్జిగ తెచ్చిచ్చిన ఎదురింటి అమ్మగారికి కూడా. ఆ, టార్చి పట్టుకున్న పిల్లాడూ, నీ ఎడమకాలి చెప్పు మా డిక్కీలో ఉండిపోయిందిరా, ఆదివారం ఆయిల్ మార్పించడానికి వస్తున్నా, తెస్తాను.