పాపకు, గుంటనక్కల మ్యాపు గురించి

కర్నూలు,
ఆదివారం రాత్రి

పాపా,

నువ్వు పంపిన మ్యాపు ఫోన్‌లో సరిగా కనపడక, బజారుకు పోయి పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించుకొచ్చాను. మెడకు రేడియో కాలర్ కట్టిన 3 గుంటనక్కలు, 40 రోజులు, అవి కనిపెట్టిన చోటల్లా ఒక చుక్క. జేజికి కూడా చూపించాను. అనంతపురం ఎండల్లో తిరిగి నల్లబడిపోయి ఉంటావని ఆమె బాధ.

పని బాగుంది. ఒక్క సంగతే నాకు మింగుడుపడలేదు. చుక్కలు చాలావరకు బండి దారి వెంబడే ఉన్నాయి. వేళలు చూస్తే అన్నీ సాయంత్రం 5 నుంచి 9 లోపే. గుంటనక్క రాత్రంతా మేతకు తిరిగే జంతువు కదమ్మా. అర్ధరాత్రి దాటాక అది ఏ చేలో ఎలుకను పట్టిందో ఆ మ్యాపులో లేదు.

రోళ్లపాడు గడ్డిబీళ్లలో కాలర్ సిగ్నల్ వినడానికి యాంటెన్నా మోసిన రోజుల్లో నేనూ ఈ తప్పు చేశాను. ఒకరాత్రి చలికి ఓర్వలేక, ఒకచోట బేరింగ్, అంటే సిగ్నల్ వచ్చే దిక్కు, తీసుకుని మ్యాపు మీద గీత గీసి, టీ తాగి, రెండోది అరగంట తర్వాత తీశాను. ఆలోపు నక్క శనగచేలు దాటిపోయింది. తెల్లారి ఆ రెండు గీతలు కలిసిన చోటుకు పోతే నాపరాళ్ల కుప్ప ఉంది. బొరియ లేదు, అడుగుజాడ లేదు. పుస్తకంలో రాసిన ఆ అంకెను కొట్టేయడానికి మొహం చెల్లక రెండు రోజులు అలాగే ఉంచాను. అది ఇప్పటికీ గుచ్చుతుంది.

అందుకే చెప్తున్నా. ఇద్దరు మనుషులు, రెండు వైపుల నుంచి, ఒకే నిమిషంలో బేరింగ్ తీయాలి. గీతలు ఒకదానికొకటి అడ్డంగా, 90 డిగ్రీలకు దగ్గరగా కలిస్తే మంచిది. కిలోమీటరు దూరంలో 5 డిగ్రీలు తప్పితే చుక్క సుమారు 87 మీటర్లు పక్కకు పోతుంది. గుట్టల దగ్గర సిగ్నల్ బండకు తగిలి వేరే వైపు నుంచి వినిపిస్తుంది. అక్కడ చోటు మార్చి మళ్లీ విను.

ఇక దూరంగా ఒంటరిగా పడిన ఆ చుక్క. అంచు చుక్కలన్నీ కలిపి గీత గీస్తే, ఆ ఒక్కదానితో నక్క తిరిగే నేల విస్తీర్ణం ఎంతో పెరిగిపోతుంది. తిండికీ, జతకూ, పిల్లల్ని సాకడానికీ మామూలుగా తిరిగే నేలనే జంతువు ఇల్లనాలని, ఎప్పుడో ఒకసారి బయటికి పోయిన చోటు లెక్కలోకి రాదని బర్ట్ అనే జంతుశాస్త్రవేత్త 1943లోనే రాశాడు. అయినా ఆ చుక్కను తీసేయకు. ముందు అక్కడికి నడిచి పో. రేగుపండ్లు రాలి ఉన్నాయేమో చూడు, గొర్రెల కాపరిని అడుగు. పిల్లలు పుట్టాక తల్లి నక్క బొరియ వదిలి ఎక్కువ దూరం పోదు, అప్పుడు మ్యాపు మళ్లీ మారుతుంది. నీ పరిశోధన గైడ్ తొందరపెట్టినా ఆ నెలలు వదులుకోవద్దు.

కాలర్ మెడకు ఒరుసుకోవడం లేదు కదా? రెండున్నర కిలోల జంతువుకు 75 గ్రాములే ఎక్కువ.

రాత్రి గట్ల మీద బూట్లు లేకుండా నడవొద్దు. రక్తపింజర ఉంటుంది.

శుక్రవారం బస్సుకు వస్తున్నా. రెండో యాంటెన్నా నేను పట్టుకుంటాను.

నాన్న