జాగా అయిపోతోంది మామా

అనంతపురం,
ఆదివారం మధ్యాహ్నం

రేయ్ మామా,

నీ వాయిస్ మెసేజ్ ఏడు నిమిషాలుంది. కొండారెడ్డి బురుజు దగ్గర ట్రాఫిక్‌లో బండి మీద పోతూ మాట్లాడినట్టున్నావు, సగం హారన్లే. నాకు అర్థమైనంతలో సంగతి ఇదీ: కుడిచేతి మీద, వేళ్ళ కణుపుల నుంచి మణికట్టు దాకా, పులి తలకాయ పచ్చబొట్టు. రంగుల్లో. వచ్చే నెలలోనే. "ఏమంటావ్?" అని అడిగి, నేనేమంటానో నువ్వే చెప్పేసి, నువ్వే నవ్వేసి పెట్టేశావు. ఫోన్ చేస్తే మధ్యలో తగులుకుంటావని కూర్చుని రాస్తున్నా. పిల్లలు పడుకున్నారు, కరెంటు ఉంది. ఓపిగ్గా చదువు.

ముందు నా గోల. నీకు మూడు, నాకు నాలుగు. లెక్కలో నేనే ముందున్నా గానీ, అద్దంలో చూసుకుంటే బైపాస్ పక్కన వేసిన వెంచర్లు గుర్తొస్తాయి. ఎవడికి దొరికిన చోట వాడు ఇల్లు లేపినట్టుంది. ఇరవై నాలుగేళ్ళప్పుడు మొదటిది, ఎడమ జబ్బ మీద రూపాయి బిళ్ళంత దిక్సూచి. ఎక్కడ వేయమంటావని అడిగితే "ఈడ" అని వేలు పెట్టి చూపించా. సరిగ్గా నట్టనడుమ. అదే మొదటిదీ చివరిదీ అనుకున్నా కదా! ఇప్పుడు భుజం నుంచి మోచేయి దాకా ఒకటే పెద్ద బొమ్మ వేయించుకోవాలని ఉంది. కుదరదు. నాలుగెకరాల చేను మధ్యలో ఎవడికో అర సెంటు అమ్ముకున్నట్టయింది, చుట్టూ ఏం వేసినా వాడికి దారి వదలాల్సిందే. కప్పేద్దామంటే కొత్తది పాతదానికి రెండు మూడింతలుండాలి, అందులోని ముదురు భాగం సరిగ్గా ఆ దిక్సూచి మీదే పడాలి. ఇప్పుడు ఏ బొమ్మ చూసినా నాకు ముందు బొమ్మ కనిపించదు, దాని చుట్టూ మిగిలే జాగా కనిపిస్తోంది. పదేళ్ళు ఆలస్యంగా వచ్చిన బుద్ధి.

రెండోదాని కథ నీకు సగమే తెలుసు. కుడి జబ్బ లోపలివైపు 'స్వేచ్ఛ' అని రాయించుకున్నా గుర్తుందా? బెంగళూరులో వేయించా. వేసినాయనకు తెలుగు రాదు, నేను కాగితం మీద రాసిచ్చిందే స్టెన్సిల్ తీశాడు, అదే, సూది పెట్టేముందు ఒంటి మీద అంటించే అచ్చు. కాబట్టి తప్పు ఆయనది కాదు. ఛ ఒత్తు కింద ఉండాల్సిన చిన్న గీత నేనే పెట్టలేదు, 'స్వేచ్చ' అయి కూర్చుంది. ఆరు నెలలు నేనూ చూసుకోలేదు. ఎండాకాలంలో మిద్దె మీద బనీను లేకుండా పడుకుంటే మా నాయన చూశాడు. ముప్పై ఏళ్ళు పిల్లలకు తెలుగు చెప్పిన మనిషి. ఇదెందుకురా అని తిడతాడని ఊపిరి బిగబట్టుకుని ఉంటే, కళ్ళద్దాలు సర్దుకుని, దగ్గరికి వంగి, "ఒత్తుకు గీత యాడబ్బీ?" అన్నాడు. అంతే, వెళ్ళి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది.

తర్వాత ఆ గీత పెట్టించా. పది నిమిషాల పని. కానీ పాత అక్షరం బూడిద రంగుకు తిరిగింది, కొత్త గీత కాటుకలా ఉంది. పరీక్ష పేపర్లో దిద్దినట్టు కనిపిస్తుంది ఇప్పటికీ.

అందుకే అక్షరాల విషయంలో నాకు భయం పట్టుకుంది. మన అక్షరాలన్నీ సున్నాలూ మెలికలే కదా. సూది సిరాను దింపేది మిల్లీమీటరు, ఒకటిన్నర లోతున, చర్మం రెండో పొరలో. ఏళ్ళు గడిచేకొద్దీ గీత లావెక్కుతుంది. చిన్నగా రాయించుకున్న 'క'లో, 'ఠ'లో ఉన్న సందు మూసుకుపోయి నల్ల చుక్క మిగులుతుంది. నీ పిల్లల పేర్లు మణికట్టు చుట్టూ చీమలబారులా రాయిస్తానన్నావే, అది మానుకో. రాయిస్తే బొటనవేలి గోరంతైనా ఉండాలి ఒక్కో అక్షరం. ఇంకోటి, పచ్చబొట్టు స్టూడియోల కంప్యూటర్లలో తెలుగు సరిగ్గా పడదు. 'అమ్మ' అని కొడితే మకారం ఒత్తు ఊడిపోయి పక్కన నిలబడుతుంది. స్టెన్సిల్ ఒంటి మీద అంటించాక, సూది పెట్టకముందు, తెలుగు వచ్చినవాడొకడు పక్కనుండి చదవాలి. నీకు మా నాయన్ని అరువిస్తా.

ఇక కనబడటం, కనబడకపోవడం. నాకున్న నాలుగూ పొట్టి చేతుల చొక్కా లోపలే ఉంటాయని పెద్ద ధీమా ఉండేది. బడిలో మొదటి వారమే అది పోయింది. బోర్డు మీద పైన రాయడానికి చెయ్యెత్తితే చొక్కా నాలుగు వేళ్ళు పైకి జరుగుతుంది. వెనక బెంచీ నుంచి గుసగుసలు. అద్దం ముందు చేతులు కిందికి వేలాడేసుకుని చూసుకుంటే తెలియదురా, బోర్డు మీద రాస్తున్నట్టు, బస్సులో రాడ్ పట్టుకున్నట్టు, పెళ్ళిలో వంగి వడ్డిస్తున్నట్టు నిలబడి చూసుకోవాలి. నువ్వు షాపులో పై అరలోంచి పైపులు తీస్తున్నట్టు చూసుకో.

పిల్లలు చూశాక ఏమయిందంటే, పదో తరగతి వాడొకడు వచ్చి, "సార్, నేనూ మెడ మీద వేయించుకుంటా" అన్నాడు. వాడికి బీఎస్ఎఫ్‌లో చేరాలని పిచ్చి, పొద్దున్నే గ్రౌండ్ చుట్టూ పరిగెత్తుతుంటాడు. కూర్చోబెట్టి చెప్పా: కేంద్ర బలగాల్లో తీసుకునేటప్పుడు పచ్చబొట్టు ఉంటే ఎడమ ముంజేయి లోపలివైపు గానీ, అరచేతి వెనకవైపు గానీ ఉండాలి, అదీ ఆ భాగంలో నాలుగో వంతు కంటే తక్కువుండాలి. ఎడమే ఎందుకంటే సెల్యూట్ కొట్టేది కుడిచేత్తో. మెడ మీద ఉంటే మెడికల్‌లోనే ఇంటికి. వాడు మొహం వేలాడేసుకుని పోయాడు గానీ, వేయించుకోలేదు. నాకు మాత్రం ఆ రోజు కొంచెం సిగ్గేసింది. నేను దాచుకున్నది వాడికి ముచ్చటగా కనబడింది.

సరే, నీ పులి దగ్గరికొస్తా. షాపు నాది, నన్నడిగేవాడెవడు అంటావు. నిజమే, ఉద్యోగం పోతుందన్న బాధ నీకు లేదు. నా అభ్యంతరం వేరే. అరచేతి వెనక చర్మం పల్చన, పిడికిలి బిగించినప్పుడల్లా సాగుతుంది. వేళ్ళ కణుపుల మీద, వేళ్ళ పక్కల సిరా సరిగ్గా నిలవదు. నువ్వు రోజుకు పదిసార్లు చేతులు కడుగుతావు, సిమెంటు బస్తాలు ముట్టుకుంటావు, బండి మీద ఎండంతా నీ చేతుల మీదే పడుతుంది. మన సీమ ఎండకు గోడల మీద పెయింటే వెలిసిపోతుంది. అంత చిన్న జాగాలో మీసాలూ చారలూ కళ్ళూ రంగులూ అన్నీ దూరిస్తే, అయిదేళ్ళకు పులి కాస్తా మన వీధి పిల్లి అవుతుంది. ఇంతకీ దాని తల ఎటువైపు? నువ్వు చూసుకుంటే నిటారుగా ఉండాలంటావు, కొత్తవాళ్ళందరూ అదే అంటారు. చెయ్యి కిందికి వేలాడినప్పుడు ఎదుటివాడికి పులి తలకిందులుగా కనబడుతుంది అప్పుడు. బొమ్మ తలభాగం ఎప్పుడూ మన భుజం వైపుండాలి. మొహం పక్కకు తిరిగిన బొమ్మయితే ఒంటి లోపలివైపు చూస్తుండాలి, బయటికి పారిపోతున్నట్టు కాదు.

రంగుల సంగతి నాకు నిమ్మలకుంటలో తెలిసొచ్చింది. ధర్మవరం దగ్గర తోలుబొమ్మల ఊరు. 2020లో దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ వచ్చింది చూడు, ఆ ఊరే. జిల్లా విడదీశాక సత్యసాయి జిల్లా అంటున్నారు గానీ నా లెక్కలో అది మనదే. ఇంట్లోకి ల్యాంపు కొందామని పోయి పూటంతా అక్కడే కూర్చున్నా. మేకతోలును పల్చగా గీకి, నల్ల గీతతో బొమ్మ గీసి, రంగులేస్తారు. నగలూ అంచులూ ఉన్నచోట మాత్రం రంగు కాదు, ఉలితో చిన్న చిన్న బెజ్జాలు కొడతారు. వెనక దీపం పెడితే ఆ బెజ్జాలే మెరుస్తాయి. అంటే బొమ్మలో అన్నిటికంటే వెలుగున్న చోట ఏమీ లేదన్నమాట! మన చామనచాయ ఒంటి మీద కూడా అంతే మామా. తెల్ల సిరా, పసుపు సిరా మనమీద కొన్నాళ్ళకు ఒంటి రంగులో కలిసిపోతాయి. మెరవాల్సిన చోట చర్మాన్ని ఖాళీగా వదిలేయాలి. నల్ల గీత లావుగా, మధ్యలో ఖాళీ ధారాళంగా. నీ పులికి తెల్ల మీసాలు పెట్టిస్తానన్నావు, అవి నీకు నువ్వే చెప్పుకోవాలి ఉన్నాయని.

పులి మీద అంత మోజుంటే పిక్క మీద వేయించుకో. జాగా ఉంది, లుంగీ కడితే కనబడుతుంది, ప్యాంటు వేస్తే కనబడదు. పులి కాబట్టి పిక్క అంటున్నా, అమ్మవారితో కలిపి మాత్రం వద్దు. 2015లో బెంగళూరులో ఒక విదేశీయుడి కాలి మీద ఎల్లమ్మ ఉందని జనం చుట్టుముట్టారు, పోలీసు స్టేషన్ దాకా పోయింది. వాళ్ళు చేసింది నాకు నచ్చలేదు. కానీ మా అమ్మ ముందు కాలి మీద అమ్మవారితో తిరిగే ధైర్యం నాకూ లేదు.

నాకు వీపు మొత్తం ఖాళీగా ఉంది, దాన్ని చిల్లరగా ఖర్చు చేయనని ఒట్టు పెట్టుకున్నా. లేపాక్షిలో మూడు తలల ఎద్దు ఉంది చూడు, రెండు తలలు చేత్తో మూసి చూస్తే మిగిలిన తలను బట్టి ఎద్దు ఒక్కో రకంగా కనబడుతుంది. అది. డబ్బులు పోగయ్యాక. ఎవరికీ చూపించను, నాకూ కనబడదు. అయినా అది అక్కడే ఉండాలనిపిస్తోంది, ఎందుకో అడగొద్దు.

ఇప్పుడు అసలు విషయం. అయిదోది ముంజేయి మీద, లోపలివైపు. దాచుకోకుండా.

మా అవ్వ ఎడమ ముంజేతి మీద పచ్చబొట్టు ఉండేది, నువ్వూ చూశావు. పెళ్ళయిన కొత్తలో, ఊరూరా తిరిగి పచ్చ పొడిచే ఎరుకలామె దగ్గర సేరు జొన్నలిచ్చి పొడిపించుకుందట. చిన్న ముగ్గు, దాని పక్కన తేలు. నాకు జ్ఞానం వచ్చేసరికి తేలు పచ్చటి మరకైపోయింది, కొండి ఎటో తల ఎటో తెలియదు. ముగ్గులోని చుక్కలు మాత్రం ఒక్కొక్కటీ విడివిడిగా ఉండేవి. యాభై అరవై ఏళ్ళ తర్వాత కూడా! వాటి మధ్య దూరం ఉంది కాబట్టి. నేను ఇన్ని స్టూడియోలు తిరిగి నేర్చుకున్నది ఆమె చేతి మీదే ఉంది, చూడలేదు. ఎక్కడ వేయించుకోవాలి, కనబడుతుందా, ఎవరేమంటారు అనే టెన్షన్ ఆమెకు లేనే లేదు. అన్నం కలిపే చెయ్యి కాకుండా రెండో చెయ్యి చాపింది, అంతే. పోయేటప్పుడు గాజులు తీసేస్తారు, ఇది తీయలేరు కదా అనేది.

ఫోటోల్లో అవ్వ చెయ్యి సరిగ్గా పడలేదు. అమ్మను అడిగితే సుద్దముక్క తీసుకుని బండల మీద వేసి చూపించింది. "అయిదు చుక్కలు, ఒకటొచ్చేదాకా, ఎదురుచుక్క. ఇంతే. దీనికి బెంగళూరు దాంక పోవల్లనా?" అంది. తర్వాత నా జబ్బ చూసి, "ఒళ్ళంతా గోడ చేసుకుంటివి, ఇంగ సున్నం కొట్టేదొకటే తక్కువ" అని లోపలికి పోయింది. ఒప్పుకున్నట్టే లెక్క.

తేలు వేయించను. పదమూడు చుక్కలు, గీతలు కూడా లేకుండా, బాగా ఎడంగా. దసరా సెలవుల మొదటి రోజే పోతా, పొట్టు రాలేదాకా సుద్దపొడి తగలకుండా ఉంటుంది. నువ్వు కూడా తేదీ చూసుకునేటప్పుడు ఒకటి గుర్తుపెట్టుకో: ఏటా రక్తం ఇస్తావు కదా, వేయించుకున్నాక 12 నెలలు నీ దగ్గర తీసుకోరు. ముందిచ్చి, తర్వాత వేయించుకో.

ఈలోపు ఒక పరీక్ష పెట్టుకున్నా. మా ఆవిడ మెహందీ కోన్‌తో ఆ పదమూడు చుక్కలూ పెట్టించుకుని, వారం రోజులు బడికి పోయా. స్టాఫ్‌రూమ్‌లో ఒక్కరూ పట్టించుకోలేదు. నేనేమో నాలుగు జవాబులు సిద్ధం చేసుకుని పోయా, ఒక్కటీ ఖర్చు కాలేదు. శుక్రవారం నాడు ఏడో తరగతి పాప నోట్సు దిద్దించుకోవడానికొచ్చి, నా చెయ్యి పట్టుకుని లెక్కపెట్టి, "సార్, పన్నెండే ఉండాయి. కింద ఒకటి పోయింది" అంది. నిజమే, మణికట్టు దగ్గరి చుక్క వాచీ పట్టీ కింద రాసుకుని పోయింది. మెహందీ కాబట్టి పోయింది, సిరా పోదులే గానీ, అది ఎప్పుడూ పట్టీ కింద దాక్కునే ఉంటుంది, మానేదాకా రాపిడి తప్పదు. బొమ్మ మొత్తం రెండు వేళ్ళు పైకి జరుపుతున్నా.

నువ్వూ కోన్ కొను. పులిని గీయించుకుని వారం రోజులు షాపులో కూర్చో. ఎనిమిదో రోజు ఫోటో పంపు, చెయ్యి మెలిపెట్టకుండా కిందికి వేలాడేసి తీయాలి. చెల్లెమ్మను అడిగానని చెప్పు.

ఇట్లు,
నీ లెక్కల మాస్టరు