తేరుకోవడం వేరు, కోలుకోవడం వేరు: మన సంఘం వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఉదయం వెళ్లి శస్త్రచికిత్స చేయించుకుని సాయంత్రానికి ఇంటికి చేరేవారికి మత్తు ఎలా ఇస్తారు, ఆ తర్వాత వారు ఎలా కోలుకుంటారు అన్న విషయంపై వచ్చిన పరిశోధనలను కలిసి చదువుకోవడం మన సంఘం పని. ఈ ఏడాది కూడా నెలకొకసారి కూర్చున్నాం. మత్తు వైద్యులు, నర్సులు, ఆపరేషన్ బల్ల మీద పడుకుని లేచినవారు, వారిని ఇంటికి తీసుకువెళ్లినవారు ఒకే గదిలో ఉండటం వల్ల మాట పట్టింపులూ తప్పలేదు. వాటిని దాచకుండా రాయమని కార్యవర్గం అంది. అందుకే రాస్తున్నాను.

మొదటి సమావేశం సగం ఒక్క మాట దగ్గరే గడిచింది. పరిశోధన పత్రాల్లో ‘రికవరీ’ అని ఒకే మాట ఉంటుంది. మనకు మూడున్నాయి. పిలిస్తే కళ్లు తెరిచి పేరు చెబితే తెలివి వచ్చింది అంటాం. లేచి కూర్చుని, ఎదుటివారిని గుర్తుపట్టి, నాలుగడుగులు వేయగలిగితే తేరుకున్నారు అంటాం. రాత్రి నిద్రపట్టి, తన పని తాను చేసుకుని, మళ్లీ మునుపటి మనిషి అయితేనే కోలుకున్నారు అంటాం. మొదటిదానికి నిమిషాలు చాలు, రెండోదానికి గంటలు కావాలి, మూడోదానికి రోజులో వారాలో పడుతుంది. అప్పటి నుంచి ఏ పత్రం తెరిచినా ముందు ఒకటే ప్రశ్న వేసుకున్నాం: ఇందులో కొలిచింది ఈ మూడింటిలో దేన్ని? ఎక్కువ పత్రాల్లో మొదటిదాన్నో రెండోదాన్నో కొలిచారు. మూడోది జరిగేది ఇంట్లో. అక్కడ గడియారం పట్టుకుని నిలబడే పరిశోధకుడు ఉండడు.

చరిత్ర మీద ఒక సమావేశమే పెట్టుకున్నాం. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ అనే శస్త్రవైద్యుడు పదేళ్లలో దాదాపు 9 వేల మంది పిల్లలకు ఆపరేషన్లు చేసి, ఆసుపత్రిలో ఉంచకుండా ఇళ్లకు పంపినట్టు 1909లో వెల్లడించారు. అమెరికాలోని ఫీనిక్స్‌లో 1970లో వాలెస్ రీడ్, జాన్ ఫోర్డ్ అనే ఇద్దరు మత్తు వైద్యులు ఆసుపత్రితో సంబంధం లేకుండా ఇలాంటి ఆపరేషన్ల కోసమే ఒక కేంద్రాన్ని తెరిచారు. ఈ రెండింటి మధ్య అరవై ఏళ్లు ఎందుకు పట్టిందన్నది మంచి ప్రశ్నే. కానీ ఆ చర్చ వేరే దారి పట్టడంతో అక్కడే ఆపేశాం.

ఇంటికి పంపవచ్చా లేదా అని నిర్ణయించే మార్కుల పట్టికల మీద మాత్రం తీరుబడిగా కూర్చున్నాం. 1970లో ఆల్డ్రెట్ అనే వైద్యుడు, పుట్టిన బిడ్డకు వేసే ఆప్గర్ మార్కుల తరహాలో, మత్తు నుంచి లేస్తున్నవారికి పది మార్కుల లెక్క ఒకటి తయారుచేశారు. కాళ్లూ చేతులూ కదిలించడం, శ్వాస, రక్తపోటు, తెలివి, ఒంటి రంగు, ఒక్కోదానికి రెండేసి మార్కులు. వేలికి తొడిగే ఆక్సిజన్ కొలిచే పరికరం అందుబాటులోకి వచ్చాక, 1995లో రంగును తీసేసి దాని స్థానంలో రక్తంలోని ఆక్సిజన్ శాతాన్ని పెట్టారు. అయితే ఇది తెలివి వచ్చిందా లేదా అని చూసే పట్టిక. ఇంటికి పంపడానికి టొరంటోలో ఫ్రాన్సెస్ చుంగ్ బృందం మరో పట్టిక రూపొందించింది. నాడి, రక్తపోటు, నడక, వికారం, నొప్పి, కోత దగ్గర రక్తస్రావం చూసి, పదికి తొమ్మిది వస్తే పంపవచ్చు అంటారు. ఇది తేరుకోవడాన్ని కొలుస్తుంది. రెండూ ఉపయోగపడేవే. చిక్కల్లా తొమ్మిది మార్కులు వచ్చినవారిని ‘రికవర్ అయ్యారు’ అని కాగితం మీద రాసేయడంలో ఉంది. “నాకు తొమ్మిది వేశారట, ఆ రాత్రి మంచం దిగడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది” అని ఒక సభ్యురాలు అన్నప్పుడు గదిలోని వైద్యులు కాసేపు ఏమీ అనలేదు.

వికారం, వాంతుల మీద రెండు సమావేశాలు జరిగాయి. ఎవరికి వస్తాయో ముందే అంచనా వేయడానికి 1999లో అప్‌ఫెల్ బృందం నాలుగు విషయాలు చాలన్నది: రోగి స్త్రీ కావడం, పొగతాగే అలవాటు లేకపోవడం, ఇదివరకు మత్తు తర్వాత గానీ ప్రయాణాల్లో గానీ వాంతులు అయి ఉండటం, ఆపరేషన్ తర్వాత మార్ఫిన్ జాతి మందులు వాడాల్సి రావడం. ఒక్కటీ లేకపోతే ముప్పు సుమారు 10 శాతం. ఆపైన వరుసగా 20, 40, 60, 80. పొగతాగేవారికి ఇక్కడ ఒక్కచోట లాభం కనబడుతుందని విని ఒక సభ్యుడు మురిసిపోయారు. దాన్ని నివేదికలో పెట్టవద్దని ఆయన భార్య కోరారు గానీ, మినిట్సులో ముందే ఎక్కిపోయింది.

అదే బృందం 2004లో ఐదు వేల మందికి పైగా రోగులపై జరిపిన పరీక్ష ఫలితాలను ప్రచురించింది. ఆరు ఉపాయాలను అన్ని రకాలుగా కలిపి, 64 కలయికల్లో పరీక్షించారు. ఆండాన్‌సెట్రాన్, డెక్సామెథసోన్, డ్రోపెరిడాల్ అనే వాంతులు ఆపే మందులు ఒక్కొక్కటీ ముప్పును దాదాపు 26 శాతం తగ్గించాయి. పీల్చే ఆవిరి మత్తుకు బదులు నరంలోకి ప్రొపొఫాల్ అనే మత్తుమందు ఇస్తే 19 శాతం తగ్గింది. ఈ శాతాలను ఎలా అర్థం చేసుకోవాలన్న దాని మీద పెద్ద చర్చే జరిగింది. 60 శాతం ముప్పు ఉన్నవారికి ఒక మందు ఇస్తే అది సుమారు 44కు దిగుతుంది. రెండోది కలిపితే 33కు. అదే 10 శాతం ముప్పు ఉన్నవారికి మొదటి మందుతో వచ్చే లాభం మూడు శాతం కూడా ఉండదు. అందరికీ అన్ని మందులూ గుమ్మరించడం ఎందుకు తెలివైన పని కాదో ఈ చిన్న లెక్క చెబుతుంది. ఈ ఏడాది మనం నేర్చుకున్నవాటిలో రోజూ పనికొచ్చేది ఇదేనని నా అభిప్రాయం.

ఇంటి సంగతి చూస్తే కథ మారుతుంది. అమెరికాలోని ఒకరోజు శస్త్రచికిత్స కేంద్రాల్లో 2,170 మందిని గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, కేంద్రంలో ఉండగా వికారం వచ్చినవారు సుమారు 20 శాతం. ఇంటికి వెళ్లాక రెండు రోజుల్లోపు వికారమో వాంతులో అయినవారు సుమారు 37 శాతం. అంటే ఎక్కువ బాధ తలుపు దాటాకే మొదలైంది. నరంలోకి ఇచ్చిన మందు ప్రభావం కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఇంట్లో నొప్పికి వేసుకునే మాత్రలు, కుదుపుల ప్రయాణం అప్పుడే తోడవుతాయి. ఈ రెండు అంకెలనూ పక్కపక్కన రాసి మన గది గోడకు అంటించాం. అవి ఇంకా అక్కడే ఉన్నాయి.

ఇదే విషయంలో జరిగిన మోసం గురించి కూడా చదివాం. చేదు విషయమే, అయినా చదవాలి. వాంతులు ఆపే మందులపై జపాన్ మత్తు వైద్యుడు యోషితాకా ఫుజీ పుంఖానుపుంఖాలుగా పత్రాలు రాశారు. ఆయన అంకెలు నమ్మశక్యం కానంత చక్కగా ఉన్నాయని, ఏ మందు ఇచ్చినా తలనొప్పి వచ్చినవారి సంఖ్య అన్ని గుంపుల్లోనూ ఒకేలా ఉంటోందని, 2000లోనే క్రాంకె, అప్‌ఫెల్, రోయెర్ ఒక పత్రికకు లేఖ రాశారు. ఎవరూ కదల్లేదు. పన్నెండేళ్ల తర్వాత బ్రిటన్ మత్తు వైద్యుడు జాన్ కార్లైల్ 168 పరీక్షల అంకెలను గణాంక పద్ధతిలో జల్లెడపట్టి, అవి కాకతాళీయంగా అలా వచ్చే అవకాశం లేదని చూపారు. ఆ ఏడాదే జపాన్ మత్తు వైద్యుల సంఘం 212 పత్రాలను పరిశీలించి, 172 పత్రాల్లో కల్పిత సమాచారం ఉందని తేల్చింది. నొప్పి నివారణ రంగంలో అమెరికా వైద్యుడు స్కాట్ రూబెన్ ఉదంతం అంతకు మూడేళ్ల ముందే, 2009లో బయటపడింది. అక్కడ కల్పితమని తేలినవి 21 పత్రాలు.

“అయితే ఇన్నాళ్లూ మనం చదివినదాన్ని నమ్మాలా?” అని ఒక సభ్యుడు అడిగారు. న్యాయమైన ప్రశ్న. నిజమైన రోగుల అంకెలు కొంత గజిబిజిగా ఉంటాయి. కొందరు మధ్యలో మానేస్తారు, కొందరు ఫోను ఎత్తరు, రెండు గుంపులూ అచ్చు గుద్దినట్టు ఉండవు. ఆ గజిబిజి కనబడని పత్రాన్ని రెండోసారి చదవాలని ఆ రోజు తీర్మానించుకున్నాం. ఒకే చోటి నుంచి కాక, వేర్వేరు బృందాల నుంచి ఒకే ఫలితం వచ్చిందా అని కూడా చూస్తున్నాం.

నొప్పి విషయంలో 2022లో వచ్చిన ఒక సమీక్ష బాగా నచ్చింది. 47 పరీక్షలను, 6,607 మంది రోగులను కలిపి చూస్తే, ఇంటికి పంపేటప్పుడు మార్ఫిన్ జాతి మాత్రలు రాసివ్వడం వల్ల, అవి లేని చికిత్సతో పోలిస్తే, నొప్పి అదనంగా ఏమీ తగ్గలేదు, వాంతుల వంటి ఇబ్బందులు మాత్రం పెరిగాయి. ఆ పరీక్షల్లో ఎక్కువ భాగం చిన్న, మధ్యస్థ శస్త్రచికిత్సలవి కాబట్టి పెద్ద ఆపరేషన్లకు దీన్ని అంటగట్టకూడదని మా మత్తు వైద్యులు పట్టుబట్టారు. వారి మాట సబబే.

మనం చేసిన తప్పు ఒకటి చెప్పుకోవాలి. ఇంటికి వెళ్లేముందు అందరూ నీళ్లు తాగి నిలుపుకోవాలని, మూత్రం పోసి తీరాలని మన కరపత్రంలో అచ్చు వేశాం. అది పాత నియమం. 1992లో పిల్లల మీద జరిగిన అధ్యయనంలో, బలవంతంగా తాగించినవారికే వాంతులు ఎక్కువయ్యాయి, వారు ఇంటికి వెళ్లడమూ ఆలస్యమైంది. మూత్రం విషయంలోనూ ఇప్పుడు అందరినీ ఆపడం లేదు. హెర్నియా, మలద్వారం దగ్గర ఆపరేషన్లు, వెన్నుకు మత్తు ఇంజెక్షన్, ఇదివరకే మూత్రం ఆగిన ఇబ్బంది వంటివి ఉంటేనే జాగ్రత్త పడతారు. కరపత్రాలు వెనక్కి తీసుకున్నాం. దిద్దుబాటు చీటీ అంటించి పంచేద్దామన్న ప్రతిపాదన రెండు ఓట్ల తేడాతో వీగిపోయింది.

తోడు మనిషి లేకుండా పంపకపోవడం, 24 గంటలు వాహనం నడపవద్దనడం అతిజాగ్రత్త అనుకునేవారు మనలోనూ ఉన్నారు. 2005లో చుంగ్ బృందం మోకాలి ఆపరేషన్ చేయించుకున్నవారిని డ్రైవింగ్ సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టింది. రెండు గంటల తర్వాత వారి డ్రైవింగ్ బాగా లేదు, 24 గంటలకు మామూలైంది. విశేషం ఏమిటంటే, ఆపరేషన్‌కు ముందే వారి చురుకుదనం తగ్గి ఉంది. ఇది చిన్న అధ్యయనం. దీనికి జోడీగా అమెరికాలోని మేయో క్లినిక్ నుంచి 1993లో వచ్చిన పెద్ద పత్రాన్ని చదివాం. 38,598 మందికి జరిగిన 45,090 చికిత్సల తర్వాత నెల రోజులు గమనిస్తే, ప్రాణం మీదికి వచ్చినవారు, చనిపోయినవారు కలిపి 33 మంది. చనిపోయిన నలుగురిలో ఇద్దరు గుండెపోటుతో, ఇద్దరు కారు ప్రమాదాల్లో. నెలలోపు మరణాలన్నీ లెక్కలోకి వచ్చాయి కాబట్టి ఆ ప్రమాదాలను మత్తు ఖాతాలో వేయలేం. అయినా ఒకరోజు శస్త్రచికిత్స ఎంత సురక్షితమైందో చెప్పడానికి ఈ వాక్యాన్ని మించింది నాకు కనబడలేదు.

మిగిలినవి క్లుప్తంగా. పసిపిల్లల హెర్నియా ఆపరేషన్లపై ఏడు దేశాల్లో 722 మందితో జరిగిన పరీక్షలో, గంటలోపు సెవోఫ్లూరేన్ అనే పీల్చే మత్తు పొందినవారికీ, మెలకువగా ఉంచి శరీరభాగానికే మత్తు ఇచ్చినవారికీ ఐదేళ్ల వయసులో తెలివితేటల్లో తేడా కనబడలేదు. ఈ ఒక్క పత్రాన్ని తల్లిదండ్రులైన సభ్యులు రెండుసార్లు చదివించుకున్నారు. డెస్‌ఫ్లూరేన్ అనే మరో పీల్చే మత్తుమందు గురించి మాట్లాడినప్పుడు మళ్లీ మొదటి ప్రశ్నకే వచ్చాం. అది కొన్ని నిమిషాల ముందు తెలివి తెప్పిస్తుంది, ఇంటికి వెళ్లే సమయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా ఉండదు. వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్‌కు సుమారు 2,500 రెట్లు. స్కాట్లాండ్ 2023లో దాన్ని మానేసింది.

జమాఖర్చుల పత్రం విడిగా పంపాం. కోశాధికారి సంతకం చేశారు, అభ్యంతరాలేమీ రాలేదు.

చివరగా ఆగిపోయిన పని ఒకటి. కోలుకోవడాన్ని రోగినే అడిగి కొలిచే ‘క్యూఓఆర్-15’ అనే పట్టిక 2013లో వచ్చింది. పదిహేను ప్రశ్నలు, ఒక్కోదానికి పది, మొత్తం 150 మార్కులు. నిద్ర, దిగులు, సొంతంగా స్నానపానాదులు చేసుకోగలగడం, మామూలు పనులకు మళ్లడం అన్నీ ఉంటాయి. పరిశోధనకు కాదు గానీ, మన చదువు కోసం దాన్ని తెలుగులోకి తెచ్చుకుందామని కూర్చున్నాం. పద్నాలుగు ప్రశ్నలు ఒక సాయంత్రంలో అయిపోయాయి. హాయిగా, తన శరీరం తన చెప్పుచేతల్లో ఉన్నట్టు అనిపిస్తోందా అని అడిగే ప్రశ్న దగ్గర ఆగిపోయాం. ‘అదుపులో ఉన్నారా’ అని రాస్తే పోలీసులు పట్టుకెళ్లినట్టుంది. ‘నిలకడగా’ అంటే వైద్య బులెటిన్‌లా వినిపిస్తోంది. ‘స్థిమితంగా’ అన్నది ఇప్పటికి ముందంజలో ఉంది. ఇంతకన్నా మంచి మాట తోచినవారు వచ్చే సమావేశానికి ఒక చీటీ మీద రాసుకుని రావాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి