చార్జింగ్ కాని కారును చార్జింగ్ చేసుకుని తెమ్మంటారా?

కస్టమర్ సేవల విభాగాధిపతి గారికి,

విషయం: విద్యుత్ కారుతో ఇచ్చిన చార్జింగ్ కేబుల్‌లో లోపం, దానిపై మీ సిబ్బంది తీరు.

అయ్యా,

ముందుగా కారుకు దక్కాల్సిన మాట దక్కనివ్వాలి. కడప వై.వి.స్ట్రీట్ చూసినవారికి మీ చిన్న కారు విలువ వేరే చెప్పనక్కరలేదు. ఒక పక్క తోపుడు బండ్లు, ఇంకో పక్క అడ్డదిడ్డంగా నిలిపిన స్కూటర్లు, మధ్యలో ఎటు మళ్లుతాయో తెలియని ఆటోలు. మూడు మీటర్ల పొడవు కూడా లేని ఈ బండి ఆ సందులోనూ సులువుగా వెనక్కి తిరుగుతుంది. పెద్ద దర్గా ఉరుసు రద్దీలోనూ నా దుకాణం దాకా తీసుకెళ్లగలిగాను. ఏడు రోడ్ల కూడలిలో ఎంతసేపు నిలిచినా పెట్రోలు ఖర్చవుతుందన్న బెంగ లేదు. నా కోపం కారు మీద కాదు, దాన్ని అమ్మి చేతులు దులుపుకున్న మీ మీద.

ఈ మోడల్‌కు ఫాస్ట్ చార్జింగ్ సదుపాయం లేదు. హైవేల మీద ఎన్ని ఫాస్ట్ చార్జర్లు వెలిసినా మాకు పనికిరావు. పాత కడపలోని మా ఇంటి గోడకున్న 15 ఆంపియర్ల సాకెట్టే దీనికి పెట్రోలు బంకు. ఆ సంగతి మీకు తెలుసు కనుకనే కారు ఇచ్చే ముందు మీ షోరూం మనిషి వచ్చి సాకెట్టు చూసి, ఎర్తింగ్ సరిపోతుందని రాసి సంతకం చేసి వెళ్లాడు.

ఎండలు ముదిరాక, చార్జింగ్ పెట్టిన కాసేపటికే కేబుల్ మధ్యలో ఉన్న పెట్టె మీద ఎర్ర దీపం వెలిగి కరెంటు ఆగిపోవడం మొదలైంది. ఎర్తింగ్ సరిగా లేకపోతే ఆ పెట్టె కరెంటును ఆపేస్తుంది, లేకుంటే కారును తాకినవారికి షాక్ కొట్టే ప్రమాదం ఉంటుంది. మంచి ఏర్పాటే, కాదనను. మీ సహాయ కేంద్రానికి ఫోను చేస్తే ఒకటే మాట: "తప్పు మీ ఇంటిది."

సరే, నేల ఎండితే ఎర్తింగ్ బలహీనపడుతుందన్నది మా ఊళ్లో ప్రతి ఎలక్ట్రీషియనుకూ తెలిసిన విషయమే. అందుకే వేసవిలో ఎర్త్ గుంతలో నీళ్లు పోస్తుంటారు. మేము అంతటితో ఆగలేదు. వాకిట్లో పరిచిన కడప బండలు పెకలించి, కొత్త గుంత తవ్వించి, ఉప్పూ బొగ్గూ వేసి పైపు పాతించాం. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య వోల్టేజి కొలిచి, మీ టెక్నీషియన్ ఫోనులో చెప్పిన హద్దు లోపలే ఉందని ఫొటో కూడా పంపాం. ఎర్ర దీపం మాత్రం మారలేదు.

చివరికి ఇదే మోడల్ కారున్న తెలిసినాయన తన కేబుల్ తెచ్చి అదే సాకెట్టుకు తగిలిస్తే మా కారు తెల్లవార్లూ నిరాటంకంగా చార్జింగ్ అయింది. మా కేబుల్ ఆయన ఇంట్లో పెడితే అక్కడా ఎర్ర దీపమే. లోపం ఎక్కడుందో తేల్చడానికి ఇంతకంటే ఏ పరీక్ష కావాలి?

మీకు కావాలట! కారును తిరుపతి సర్వీసు కేంద్రానికి తెస్తేనే కేబుల్ మారుస్తారట. ఇక్కడి నుంచి తిరుపతికి సుమారు 140 కిలోమీటర్లు. ఆ మాట చెప్పిన రోజు బండిలో 9 శాతం చార్జింగ్ ఉంది. లారీ మీద ఎక్కించుకుపొమ్మంటే, బండి రోడ్డు మీద ఆగలేదు కాబట్టి అది బ్రేక్‌డౌన్ కిందికి రాదన్నారు. ఇంట్లో ఆగిపోయిన కారు ఆగిపోయినట్టు కాదా? అయినా చేతి సంచిలో పట్టే కేబుల్‌ను పరీక్షించడానికి కారే ఎందుకు రావాలి? కొరియర్లో పంపిస్తానంటే మీ కంప్యూటర్లో ఆ పద్ధతి లేదన్నారు.

కాబట్టి రాతపూర్వకంగా అడుగుతున్నాను. వారంటీ కింద కొత్త కేబుల్ కడపకే పంపండి, పాతది మీ మనిషే వచ్చి తీసుకెళ్లాలి. ఎర్తింగ్ సరిపోతుందని మీరే రాసిచ్చి, తర్వాత కాదని చెప్పి చేయించిన తవ్వకం ఖర్చు చెల్లించండి. అన్నిటికన్నా ముఖ్యం, నెలకు ఒక్కసారైనా మీ టెక్నీషియన్ కడపలో అందుబాటులో ఉండాలి. కార్లు అమ్మడానికి దొరికిన ఊరు మరమ్మతుకు దొరకదంటే ఒప్పుకోను.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో పరిష్కారం చూపకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళతాను. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం ఫిర్యాదుదారు ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చు. కారు ధర రూ.5 లక్షలు దాటి రూ.10 లక్షల లోపు కనుక రుసుము రూ.200. తిరుపతికి లారీ బాడుగ కంటే అదే చవక.

జవాబు ఫోనులో వద్దు, కాగితం మీద ఇవ్వండి.

ఇట్లు,
మీ కారు కొన్న వినియోగదారు,
పాత కడప.

జతపరిచినవి: కొనుగోలు రసీదు, మీ షోరూం మనిషి సంతకం చేసిన పరిశీలన పత్రం, వోల్టేజి కొలిచిన ఫొటో, ఎర్తింగ్ పనికి ఎలక్ట్రీషియన్ ఇచ్చిన బిల్లు.