బెయిలొచ్చినా జైల్లోనే

ఎడిటర్ గారికి నమస్కారం,

మా అమ్మాయి లా చదువుతోందండీ, మొన్న క్లాసుతో పాటు ఆరిలోవ సెంట్రల్ జైలుకెళ్లొచ్చి రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఏంటమ్మా అంటే, పాడేరు వైపు కుర్రాడొకడు చిన్న దొంగతనం కేసులో బెయిలొచ్చి కూడా లోపలే ఉన్నాడట, జామీను ఇచ్చేవాళ్లు లేక! ఊరినుంచి వాళ్ల అమ్మ రావాలంటే ఒకరోజు కూలి పోవాలి, బస్సు చార్జీలు అదనం, ఇంక జామీనెవరిస్తారు చెప్పండి.

బెయిలొచ్చిన వారంలోపు బయటికి రాకపోతే జైలువాళ్లు జిల్లా న్యాయసేవాధికార సంస్థకి చెప్పాలని, నెలలోపు పూచీకత్తు కట్టలేకపోతే కోర్టే షరతులు తగ్గించే సంగతి చూడొచ్చని సుప్రీంకోర్టు 2023 జనవరిలోనే చెప్పింది. క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 479 సెక్షన్ ప్రకారం ఇదివరకెప్పుడూ ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్లైతే, ఉరి, యావజ్జీవం పడే నేరం కాకపోతే, వేరే కేసులేవీ పెండింగ్‌లో లేకపోతే, గరిష్ట శిక్షలో మూడో వంతు కాలం విచారణ ఖైదీగా లోపలున్నాక బాండు మీద వదలాలి, అప్లికేషన్ పెట్టాల్సింది జైలు సూపరింటెండెంటే. ఇవన్నీ మా అమ్మాయే చెప్పింది, నాకేం తెలుసు, నేను రిటైరైన టీచర్ని.

లా కాలేజీలవాళ్లకి నా మాటేంటంటే, ఈ లా చదివే పిల్లల్ని ఏడాదికోసారి జూకి తీసుకెళ్లినట్టు తిప్పి ఫొటో దిగి వచ్చేయడం కాదు, నెలనెలా పంపండి, ఎవరెన్నాళ్లుగా ఉన్నారో రాసుకుని లీగల్ ఎయిడ్ లాయరుకి ఇవ్వమనండి. ఉచిత సాయానికి 15100 నంబరుంది, ఆ సంగతైనా లోపలున్నవాళ్ల ఇంట్లోవాళ్లకి చెప్పొచ్చు కదా.

ఇట్లు
ఒక తండ్రి, విశాఖపట్నం